గొట్టం తియ్యనని ఇచ్చిన మాట

ఆక్సిజన్ పెడితే మనిషి చచ్చిపోతాడు. మా ముతుంజి ఆసుపత్రి వెనక గార్డియన్ల షెడ్డులో పొయ్యి దగ్గర కూర్చున్న ఏ ఆడమనిషిని కదిపినా ఇదే మాట చెబుతుంది. వాళ్ళు లేకపోతే మా ఆసుపత్రి ఒక్క పూట కూడా నడవదు. రోగికి తోడుగా ఊరి నుంచి వచ్చి, ఆ షెడ్డులోనే పడుకుని, ఆ పొయ్యిల మీదే న్సిమా సంకటి గెలికి, రోగికి ముద్ద పెట్టి, ఒళ్ళు తుడిచి, దుప్పట్లు ఉతికేది వాళ్ళే. వార్డుకి ఒక నర్సు ఉంటే ఆ రోజు మాకు పండగ. అలాంటి వాళ్ళు ఒక మాట అన్నారంటే ఊరికే అనరు.

రాజధాని నుంచి ట్రైనింగులు ఇవ్వడానికి వచ్చే పెద్దమనుషులు మాత్రం దీన్ని మూఢనమ్మకం అంటారు. తెర మీద బొమ్మలు వేసి చూపిస్తారు, ప్రజల్లో అవగాహన లేదు అని నిట్టూరుస్తారు, మధ్యాహ్నం కోడి కూరతో భోంచేసి వెళ్ళిపోతారు. నాకు ఒళ్ళు మండిపోతుంది. అవగాహన లేకపోవడం కాదయ్యా, వాళ్ళు కళ్ళతో చూసిందే చెబుతున్నారు. తీవ్రంగా జబ్బుపడినవాళ్ళ కోసం మాకు నాలుగు మంచాల గది ఒకటుంది. నాలుగు మంచాలకీ కలిపి పనిచేసే ఆక్సిజన్ మిషన్ ఒక్కటే. మోకాలెత్తు పెట్టె, కింద చక్రాలు, కరెంటు పెడితే గుర్రుమంటూ గాలిలోంచి ఆక్సిజన్ లాగుతుంది. మిగతావి స్టోరు గదిలో చచ్చి పడున్నాయి. దానం చేసినవాళ్ళ స్టిక్కర్లు మాత్రం వాటి మీద ఇంకా మెరుస్తూనే ఉన్నాయి. ఉన్న ఒక్కదాన్నీ ఎవరికి పెడతాం? అందరికంటే చావుకి దగ్గరగా ఉన్నవాడికి పెడతాం. ఇంకొకడు అంతకంటే దగ్గరికి వస్తే వాడి ముక్కులోంచి తీసి వీడి ముక్కులో పెడతాం. చూసేవాళ్ళకి ఏం కనిపిస్తుంది? గొట్టం పెట్టించుకున్నవాడల్లా పోవడమే కనిపిస్తుంది.

నా పేరు ఫిలేసి మతెంబా, నర్సుని. ఆ నాలుగు మంచాల గది నాది. నాది అంటే జీతం ఇచ్చేవాళ్ళకి కోపం వస్తుందేమో గాని, ఆ గదిలో ఎవరి ఊపిరి ఎలా పోతోందో తలుపు బయట నుంచే చెప్పగలిగేది నేనే కాబట్టి, నాదే.

తియామికెని సైకిల్ వెనక కట్టిన తోపుడు మంచం మీద తెచ్చారు. బడిలో నెట్‌బాల్ ఆడే పిల్ల, పొడుగ్గా, చిక్కుడు తీగలా ఉంది. న్యుమోనియా రెండు ఊపిరితిత్తులనీ పట్టేసింది. ముక్కు పుటాలు ఎగురుతున్నాయి, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతోంది, పెదాలు బొగ్గు రంగుకి తిరిగాయి. వెంట ఆమె అమ్మమ్మ ఎనిఫా వచ్చింది. గోగో అంటే అవ్వ, ఊరంతా ఆమెను అలాగే అంటుంది, మేమూ అలాగే పిలిచాం. చితెంజె గుడ్డ నడుముకి బిగించి, నెత్తి మీద వంటగిన్నెతో సహా దిగింది. ఆరు మైళ్ళు ఆ సైకిల్ వెనక పరిగెత్తుకుంటూ వచ్చిందట.

మా జూనియర్ నర్సు డోరికా సూది మందు ఎక్కిస్తూ ఉంటే నేను మిషన్ లాక్కొచ్చి గొట్టం పిల్ల ముక్కుకి పెట్టాను. ఇటు తిరిగి అటు చూసేసరికి గోగో దాన్ని పీకి అవతల పడేసింది.

"ఏంటిది గోగో?"

"అది వద్దు. మందివ్వండి, సూదులెయ్యండి, కడుపు కొయ్యండి, ఏవైనా చేసుకోండి. అది మాత్రం వద్దు."

"అది లేకపోతే పిల్లకి ఊపిరాడదు!"

"ఉంటే ఆడుద్దా? మా అక్క కొడుక్కి ఇదే గదిలో ఇదే పెట్టారు. తెల్లారేసరికి మొహం మీద గుడ్డ కప్పారు."

"పెదాలు చూడు ఎలా ఉన్నాయో! నువ్వు నాతో వాదించే లోపు పిల్ల పోయేలా ఉంది!"

"పోతే నా ఒళ్ళో పోద్ది. ఆ పెట్టెకి కట్టేసి చంపనివ్వను."

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. ముసలిదాన్ని చెయ్యి పట్టి బయటికి ఈడ్చెయ్యాలనిపించింది. వాచ్‌మన్‌ని పిలిస్తే చిటికెలో పని అయిపోతుంది. కాని ఈడ్చేస్తే షెడ్డు మొత్తానికి ఏం చెబుతుందో నాకు తెలుసు. రేపు ఇంకో పది మంది పిల్లల్ని ఆ గొట్టం దగ్గరికే రానివ్వరు. అందుకే ఒక పిచ్చి పని చేశాను. కొత్త గొట్టం ఒకటి తీసి మిషన్‌కి తగిలించి నా ముక్కుకే పెట్టుకున్నాను. స్టూలు లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాను.

"చూడు. చచ్చానా?"

గోగో నన్ను పైనుంచి కిందికి చూసింది. "నువ్వు ఏనుగులా ఉన్నావు. నిన్నేం చేసుద్ది అది?"

డోరికా నవ్వు ఆపుకోలేక అటు తిరిగింది. "అయితే నువ్వు పెట్టుకో. చీపురుపుల్లలా ఉన్నావుగా, నీ మీద పనిచేస్తుందేమో చూద్దాం," అన్నాను గొట్టం తీసి స్పిరిట్‌తో తుడుస్తూ.

పెట్టుకోదనుకున్నాను. పెట్టుకుంది. ముందు తుమ్మింది. తర్వాత కళ్ళు మూసుకుని కాసేపు అలాగే నిలబడింది.

"చల్లగా ఉందే," అంది. "తెల్లారగట్ట జొన్నచేలో గాలిలా ఉంది."

"అదే గాలి గోగో. వేరే ఏమీ కాదు."

అప్పుడు గొట్టం చేతిలో పట్టుకుని, గొంతు తగ్గించి అసలు మాట చెప్పింది. "నాకు పెట్టడం గురించి కాదమ్మా భయం. తీసేదాని గురించి. మా అక్క కొడుక్కి పెట్టినాక వాడు కళ్ళు తెరిచాడు, నాతో మాట్లాడాడు. నేను నీళ్ళకని పంపు దాకా వెళ్ళొచ్చా. వచ్చేసరికి గొట్టం పక్క మంచం మీదోడి ముక్కులో ఉంది. ఎవరు తీశారంటే ఎవరూ చెప్పలేదు."

ఏమని చెప్పాలి? అబద్ధమా అది? మేం రోజూ చేసేదే కదా.

"తియామికె తన కాళ్ళ మీద తను నడిచి ఆ గుమ్మం దాటేదాకా దీన్ని తియ్యను," అన్నాను. "ఇంకెవర్నీ తియ్యనివ్వను."

"ఒట్టు?"

"ఒట్టు."

"ఎవరి మీద?"

"మా అమ్మ మీద."

"మీ అమ్మ బతికుందా?"

"లక్షణంగా ఉంది."

"అయితే సరే," అని గొట్టం నా చేతిలో పెట్టింది.

ఆ పిల్ల కోలుకోవడం మొదలుపెట్టింది. ఇది మా గదిలో తరచుగా జరిగే సంగతి కాదు కాబట్టి రోజుకి ఇన్నిసార్లని లేకుండా వెళ్ళి చూసుకునేదాన్ని. ముందు పెదాల నలుపు పోయింది. తర్వాత పక్కటెముకలు ఎగరడం తగ్గింది. వీపు వెనక చితెంజెలు మడతపెట్టి సగం కూర్చోబెట్టేవాళ్ళం. గంటకోసారి పక్క మార్చి, అరచేయి దొన్నెలా చేసి వీపు మీద తట్టి కఫం తెప్పించేవాళ్ళం. పక్క మార్చడం గోగో నాకంటే బాగా నేర్చుకుంది. నోరు ఎండిపోకుండా తడిగుడ్డతో తుడుస్తూ, పిల్లకి వినపడేలా ఊళ్ళో ఎవరు ఎవరితో తగువాడారో చెబుతూ ఉండేది. రూలు ప్రకారం గార్డియన్లు ఆ గదిలో ఉండకూడదు, చూసే వేళల్లోనే రావాలి. ఆ రూలు పెట్టినవాడు ఒక్క రోగినైనా పక్కకి తిప్పి ఉంటే అప్పుడు వింటాను అనుకుని, గోగోని మంచం పక్కనే ఉండనిచ్చాను.

ఒక పొద్దున ముఖం తుడుస్తూ ఉంటే తియామికె నా బ్యాడ్జీ వంక చూసి, ఊపిరి కూడగట్టుకుని, "సిస్టర్, మీరు నెట్‌బాల్ ఆడతారా?" అంది.

"నన్ను చూస్తే ఎలా ఉంది?"

"బాల్‌లా ఉన్నారు."

గోగో ఆ పిల్లని మొట్టబోయి, మొట్టలేక, నవ్వుతూ ఏడ్చింది. పిల్ల తోబ్వా తాగుతానంది. గోగో పరిగెత్తి వెళ్ళి షెడ్డులో జొన్న గంజి కాచి, తియ్యగా చేసి తెచ్చింది. ఆ సాయంత్రం షెడ్డంతా అదే మాటట. ఆక్సిజన్ పెట్టిన పిల్ల తోబ్వా తాగిందట అని. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు గుమ్మంలోంచి తొంగి చూసి పోయారు. ఏళ్ళ తరబడి నేను అరిచి సాధించలేనిది ఒక చెంబుడు గంజి సాధించింది.

అయితే గండం గడవలేదు. ముఖం తుడవడానికి గొట్టం కాస్త పక్కకి జరిపితే చాలు, వేలికి పెట్టిన క్లిప్పులో ఆక్సిజన్ అంకె జారిపోయేది, పిల్ల కళ్ళు పెద్దవయ్యేవి. ఇంకొన్నాళ్ళు ఆ గాలి కావాలి. అంతే కావాల్సింది. ఇంకొన్నాళ్ళు.

అప్పుడొచ్చాడు లికొంగ్వె.

లికొంగ్వె మా ఆసుపత్రి అడ్మినిస్ట్రేటర్. ఇస్త్రీ చొక్కా, మెడలో తాళాల గుత్తి. మా గదిలోకి ఎప్పుడొచ్చినా చేతి రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకునే వస్తాడు. ఆ రోజు కూడా అలాగే గుమ్మంలో నిలబడ్డాడు.

"సిస్టర్ మతెంబా, చైర్మన్ చిమొంబోగారు పేయింగ్ వార్డులో చేరారు. ఛాతీలో ఏదో ఇబ్బందిగా ఉందట. ఈ మిషన్ అక్కడికి వెళ్ళాలి."

చిమొంబోకి లారీలున్నాయి. పార్టీలో జిల్లా చైర్మన్. వానలు పడి రోడ్డు తెగినప్పుడు మందులు కూడా ఆయన లారీలోనే వస్తాయి, అందుకు ఆసుపత్రి మొత్తం ఆయనకి దండం పెడుతుంది.

"ఊపిరి అందడం లేదా ఆయనకి?" అన్నాను.

"ఇప్పటికి అందుతోంది. ముందు జాగ్రత్తగా పక్కన ఉండాలి."

"ఈ పిల్లకి ముందు జాగ్రత్త కాదు, ఇప్పుడే కావాలి. తీస్తే పోతుంది."

"సిస్టర్, నేను మిమ్మల్ని అడగడం లేదు, చెబుతున్నాను."

"నేనూ చెబుతున్నాను. ఇది కదలదు."

"మీరు ప్రభుత్వ ఉద్యోగి. గుర్తుంచుకోండి."

"మిషను కూడా ప్రభుత్వానిదే. చైర్మన్ గారింటి మేకల మందలోది కాదు."

రుమాలు వెనక ఆయన ముఖం ఎలా మాడిందో కనిపించలేదు గాని చెవులు మాత్రం కందిపోయాయి. గోగో వైపు చూశాడు. "ఈ ముసలామె ఇక్కడేం చేస్తోంది? చూసే వేళ కాదు కదా ఇది?" అని, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు. అక్కడితో అయిపోయిందనుకున్నాను. నోరున్నదాన్ని, గెలిచాననుకున్నాను.

మధ్యాహ్నం ఆపరేషన్ థియేటర్ నుంచి కబురొచ్చింది. కాన్పు కష్టమై కడుపు కోసిన ఒకామెకి నెత్తురు ఆగడం లేదు, నన్ను రమ్మన్నారు. డోరికాకి అప్పగించి వెళ్ళాను. ఆమె పొట్ట మీద నా రెండు చేతులూ పెట్టి నొక్కుతూ నిలబడ్డాను. నెత్తురు ఆగింది. ఆమె బతికింది. ఆ సంగతి కూడా చెప్పాలి, లేకపోతే నేనెక్కడికో షికారు వెళ్ళాననుకుంటారు.

తిరిగొస్తుంటే వరండాలోనే తెలిసిపోయింది. గుర్రుమనే చప్పుడు లేదు.

గదిలో మిషన్ ఉన్న చోట నేల మీద నలుచదరపు గుర్తు మాత్రం ఉంది. తియామికె లేచి కూర్చోబోతోంది. రెండు చేతులతో మంచం పట్టె పట్టుకుని గాలిని కొరుకుతోంది. పెదాలు మళ్ళీ అదే రంగు. డోరికా మూలనున్న సిలిండర్‌ని గొట్టానికి తగిలించి, దాని మీట పట్టుకుని ఏడుస్తోంది. ఆ సిలిండర్ ముల్లు ఎప్పటినుంచో ఎర్రగీత మీదే ఉంది. బ్లాంటైర్ పట్నం నుంచి కొత్త సిలిండర్లతో రావాల్సిన లారీ డీజిల్ లేక రాలేదు.

"ఎవరు?"

"లికొంగ్వె సార్... ఇద్దరు మనుషుల్ని తెచ్చారు అక్కా. సిలిండర్ సాయంత్రం దాకా వస్తుందిలే అన్నారు. నేను వద్దన్నాను. గోగో మిషన్‌ని కావలించుకుని కూర్చుంది. వాచ్‌మన్ కాళ్ళు పట్టి లాగాడు. చూసే వేళ కాదని గేటు బయటికి తోసేశారు..."

"ఊపిరి బ్యాగు మూతికి పెట్టి చేత్తో కొట్టు. ఆపకు. నేను తెస్తా," అని పరిగెత్తాను. ఏనుగులాంటిదాన్ని, బాల్‌లాంటిదాన్ని, పేయింగ్ వార్డు దాకా పరిగెత్తాను.

పేయింగ్ వార్డుకి కర్టెన్లుంటాయి, టీవీ ఉంటుంది. చైర్మన్ చిమొంబో దిండ్లకి ఆనుకుని ఫుట్‌బాల్ చూస్తున్నాడు. బంతి గోల్ పక్కగా పోతే గట్టిగా, గుండె నిండా ఊపిరి పీల్చుకుని తిట్టాడు. మా మిషన్ కిటికీ కింద ఉంది. ప్లగ్గు పెట్టలేదు. వైరు చుట్టినది చుట్టినట్టే ఉంది. దాని నెత్తి మీద ఒక ఫాంటా సీసా, కోడి ఎముకల ప్లేటు.

ఆ ప్లేటుని చాలాసేపు చూసినట్టు అనిపించింది. ఒక్క క్షణమే అయి ఉంటుంది.

"దీన్ని పెట్టుకోలేదేం?" అన్నాను.

చైర్మన్ భార్య మంచం పక్కన కూర్చుని జామపండు కోస్తోంది. నిజంగా భయపడుతూ చెప్పింది. "అయ్యో, అది ముక్కుకి పెడితే మనిషి దక్కడంటారు కదా సిస్టర్! మేం వద్దనే చెప్పాం. పక్కన ఉంటే మర్యాదగా ఉంటుందని లికొంగ్వెగారే పంపారు."

మర్యాద! నేనేం అరిచానో నాకు గుర్తు లేదు. టీవీ కంటే గట్టిగా అరిచానని మాత్రం తర్వాత చెప్పారు. ఫాంటా సీసా కింద పడింది. మిషన్‌ని తోసుకుంటూ బయటికొచ్చాను. ఎముకల ప్లేటు దాని మీదే ఉంది, తీసేంత ఓపిక నాకు లేదు. మధ్యలో కంకర పరిచిన ఆవరణ ఉంది. చక్రాలు కంకరలో కూరుకుపోయాయి. ఎంత తోసినా కదలదు. గేటు దగ్గర్నుంచి గోగో చూసింది. వాచ్‌మన్‌ని ఒక్క తోపు తోసి వచ్చింది. షెడ్డులోంచి ఆడవాళ్ళు, చేతుల పిండి చేతులకే ఉండగా వచ్చారు. ఆక్సిజన్ అంటే ఆమడ దూరం పరిగెత్తే ఆ ఆడవాళ్ళే తలో పక్కా పట్టుకుని మిషన్‌ని పసిబిడ్డలా ఎత్తి మోసుకొచ్చారు.

ప్లగ్గు పెట్టాం. గుర్రుమంది. గొట్టం పెట్టాం. డోరికా చేతులు పడిపోతే బ్యాగు నేను అందుకున్నాను. ఎంతసేపు కొట్టానో చెప్పను. గోగో వచ్చి నా మణికట్టు మీద చెయ్యి వేసి, "చాలమ్మా, పిల్ల ఒళ్ళు చల్లబడింది," అని చెప్పేదాకా కొట్టాను.

ఆమె ఏడవలేదు. తియామికె ముక్కులోంచి గొట్టం తనే తీసింది, తుడిచింది, చుట్టింది, మిషన్ మీద పెట్టింది. "ఈసారి ఎవరు తీశారో నాకు తెలుసు," అంది. అంతే.

ఆ సాయంత్రానికి షెడ్డంతా మళ్ళీ పాత మాటే. మోసుకొచ్చినవాళ్ళు నలుగురే, మిగతావాళ్ళు విన్నది ఒకటే. తోబ్వా తాగిన పిల్ల కూడా పోయిందట, ఆ గొట్టం పెట్టాక ఎవరు దక్కారు గనక.

మర్నాడు లికొంగ్వె నన్ను పిలిపించాడు. పేయింగ్ వార్డులో గొడవ చేశానట, చైర్మన్ గారి భార్యకి కళ్ళు తిరిగాయట. నేను వెంట తెచ్చిన ఎముకల ప్లేటుని ఆయన బల్ల మీద, ఇస్త్రీ చొక్కాకి ఎదురుగా పెట్టాను. చీమలు పట్టాయి దానికి.

"ఏమిటిది?"

"మీరు పంపిన మిషన్ మీద దొరికింది. దీనికోసమే పిల్ల పోయింది."

ఆయన ప్లేటు వంక చూడకుండా, చాలా ఓపిగ్గా, ఏదో తెలివితక్కువదానికి నచ్చజెబుతున్నట్టు అన్నాడు. "కోపం తగ్గించుకోండి సిస్టర్. నిజం మాట్లాడుకుందాం. ఆక్సిజన్ దాకా వచ్చినవాళ్ళు ఎంతమంది బతికారు? ఆ పిల్ల ఎలాగూ..."

ఇదే మాట షెడ్డులో పొయ్యి ఊదుకునే ముసలమ్మ అంటే మూఢనమ్మకం. ఇస్త్రీ చొక్కా వేసుకుని బల్ల వెనక కూర్చుని వీడంటే అనుభవం. ఆ రోజు నేను ఆయన్ని కొట్టకపోవడానికి కారణం మంచితనం కాదు. నేను పోతే ఆ గదిలోకి ఇంకొకరిని వెయ్యరని తెలుసు, అంతే. విచారణ జరిపిస్తానన్నాడు. జరిపించు, నేనూ మాట్లాడతాను అన్నాను. ఇంతవరకూ జరగలేదు.

అంత్యక్రియలైన తర్వాతి వారంలో ఒక బాలింతని తెచ్చారు. బిడ్డని కని ఇంకా పచ్చి ఒంటితోనే ఉంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. నురుగుతో దగ్గుతోంది. నేను మిషన్ దగ్గరికి లాగానో లేదో, ఆమె అత్త మంచానికి అడ్డంగా నిలబడింది. చంకలో పసిగుడ్డు.

"వద్దు. నెట్‌బాల్ పిల్లని ఆ పెట్టెతోనే చంపారంట కదా."

ఆ పిల్ల బతికేదమ్మా అనాలి. మరి ఎందుకు పోయింది అంటే, నేను మాట ఇచ్చి పక్కకి వెళ్ళాను, మా వాళ్ళే తీసుకుపోయారు అనాలి. అలా అంటే ఎవరు నమ్మి బిడ్డని మా చేతుల్లో పెడతారు? కోపంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి నాకు. ఎవరి మీద కోపమో చెప్పలేను. అందరి మీదా.

"జరుగు," అంది ఒక గొంతు.

గుమ్మంలో ఎనిఫా గోగో. షెడ్డులో వదిలేసిన వంటగిన్నె కోసం ఆరు మైళ్ళు నడిచి వచ్చింది. గిన్నె చంకలో ఉంది. తల గుండు చేయించుకుంది. గిన్నెని నేల మీద పెట్టి, తిన్నగా మిషన్ దగ్గరికి వచ్చి, గొట్టం తీసుకుని తన ముక్కుకి పెట్టుకుంది. ఆ అత్త ముఖంలోకి చూస్తూ నిలబడింది.

"నేను ఆ నెట్‌బాల్ పిల్ల అమ్మమ్మని."

ఆ అత్త పసిగుడ్డుని గుండెకి అదుముకుంది.

"దీన్ని పెట్టినందుకు నా పిల్ల పోలేదు. పెట్టినాక కళ్ళు తెరిచింది. తోబ్వా తాగింది. ఈ సిస్టర్‌ని బాల్‌లా ఉన్నావంది. తీసినందుకు పోయింది. విన్నావా? తీసినందుకు. నీ కోడలికి పెట్టించు. పెట్టించి నువ్వు దీని పక్కనే కూర్చో. పంపు దగ్గరికెళ్ళకు. పొయ్యి దగ్గరికెళ్ళకు. చొక్కా వేసుకున్నోడొచ్చి తీస్తానంటే కొరుకు."

అని నా వైపు తిరిగింది. "ఈ సిస్టర్ మంచిదే. పనిమంతురాలు. కానీ ఈమె తియ్యనని మాటిచ్చినా నమ్మి లేచిపోకు."

గొట్టం తీసి నా చేతిలో పెట్టింది. నేను మార్చి కొత్తది తగిలించాను. అత్త పక్కకి జరిగింది. బాలింత ముక్కుకి పెట్టాను. కాసేపటికి క్లిప్పులో అంకె మెల్లిగా ఎక్కడం మొదలైంది. అత్త నేల మీద కూలబడి, పసిగుడ్డుని ఒళ్ళో పెట్టుకుని, వీపు మిషన్‌కి ఆనించింది. గోగో తన నడుముకున్న పై చితెంజె విప్పి, మిషన్ చక్రాన్ని మంచం కాలికి కలిపి రెండు ముళ్ళు వేసి కట్టింది. పళ్ళతో లాగి బిగించింది. రూలు ప్రకారం అది కూడా కుదరదు.

తర్వాత గిన్నె నెత్తిన పెట్టుకుంది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"సిస్టర్, మీ అమ్మ ఎలా ఉంది?"

"బాగుంది గోగో," అన్నాను.

"బాగుండనీ," అంది. "ఆవిడేం చేసింది పాపం."

వరండాలో ఆమె చెప్పుల చప్పుడు పోయేదాకా విని, నేను బాలింత పక్క మార్చడానికి వంగాను.